లూసీ పుట్టిల్లు జేమ్స్‌టౌన్

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రానికి పడమటి కొసన, పెన్సిల్వేనియా సరిహద్దుకు దగ్గర్లో జేమ్స్‌టౌన్ అనే చిన్న ఊరుంది. మూడేళ్ల తేడాతో అక్కడ ఇద్దరు పుట్టారు. 1908లో పుట్టిన రోజర్ టోరీ పీటర్సన్, పిట్టల్ని చూసి పోల్చుకోవడం ఎలాగో అమెరికన్లకు నేర్పినవాడు. 1934లో ఆయన బొమ్మలు వేసి రాసిన పుస్తకం చేత్తో పట్టుకునే అక్కడ తరాల జనం పిట్టల వెంట తిరిగారు. 1911 ఆగస్టు 6న పుట్టిన, ‘లూసీ’గా పేరుపడ్డ టీవీ హాస్యనటి లూసిల్ బాల్‌కేమో పిట్ట అంటేనే వణుకు. గోడ మీద పిట్ట బొమ్మ కనబడితే ఆ హోటల్ గదిలో దిగేది కాదట. ఊళ్లో పీటర్సన్ పేరిట పెద్ద సంస్థే ఉంది. అయినా జేమ్స్‌టౌన్ అనగానే అమెరికన్లకు గుర్తొచ్చేది లూసీయే. టీవీ బలం అలాంటిది.

ఆ భయానికి కారణం ఉంది. తండ్రి టెలిఫోన్ కంపెనీలో లైన్‌మన్. ఉద్యోగం ఎటు తిప్పితే కుటుంబం అటు వెళ్లేది. 1915 ఫిబ్రవరిలో, మిషిగన్‌లో ఉండగా టైఫాయిడ్‌తో పోయాడు. పిల్లకు అప్పటికి నాలుగేళ్లు కూడా నిండలేదు, తల్లి కడుపుతో ఉంది. ఆ రోజే ఒక పిట్ట ఇంట్లోకి దూరి, బయటికి దారి దొరక్క కొట్టుకులాడింది. తండ్రి పోయిన రోజు గురించి ఆమెకు బాగా గుర్తున్నది అదే. తల్లి డీడీ పిల్లను వెంటబెట్టుకుని పుట్టింటికి తిరిగొచ్చింది.

నయాగరా చూడటానికి కార్లలో బయల్దేరే మన తెలుగు కుటుంబాలు సాధారణంగా ఈ ఊరి దాకా రావు. జలపాతం దగ్గర్నుంచి దక్షిణంగా రెండు గంటల ప్రయాణం. ఊరికి ఆనుకుని షటాక్వా సరస్సు. 2022 ఆగస్టులో సల్మాన్ రష్దీ మీద కత్తితో దాడి జరిగింది ఈ సరస్సు ఒడ్డునే, కాస్త ఎగువన, షటాక్వా ఇన్‌స్టిట్యూషన్ వేదిక మీద. జేమ్స్‌టౌన్ మటుకు ఒకప్పుడు కుర్చీలూ బల్లలూ బీరువాలూ చేసి దేశమంతా అమ్మిన ఊరు. స్వీడన్ నుంచి వలస వచ్చిన వడ్రంగుల చేతిపని అది. 1930లో 45 వేలున్న జనాభా, 2020 లెక్కల్లో 29 వేలకు కూడా చేరలేదు. ఫ్యాక్టరీలు చాలామటుకు పోయాయి. మిగిలిన ఇటుక గోడల మీద ఇప్పుడు లూసీ సీరియల్ దృశ్యాల్ని నిలువెత్తున చిత్రించారు.

ఆమె నిజంగా పెరిగింది పక్కనున్న సెలరాన్‌లో, తాత ఫ్రెడ్ హంట్ ఇంట్లో. ఆ వీధి పేరు ఇప్పుడు లూసీ లేన్. తాత చెక్కపని చేసేవాడు, కార్మికుల పక్షం మాట్లాడేవాడు, మనవల్ని ప్రదర్శనలకు తీసుకెళ్లేవాడు. సరస్సు ఒడ్డున వినోదాల పార్కు, ఊళ్లో పాటా గారడీ హాస్యం కలగలిపిన వాడెవిల్ ఆటలు. పిల్లకు సరదా పట్టింది అక్కడే.

తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. మారుతండ్రి పేరు ఎడ్ పీటర్సన్. పిట్టలాయనకు చుట్టం కాదు లెండి, స్వీడన్ వాళ్లున్న ఊళ్లో పీటర్సన్లకు కొదవేముంది! తల్లీ మారుతండ్రీ పని వెతుక్కుంటూ వేరే ఊరు పోతూ, పిల్లను ఆయన తల్లిదండ్రుల దగ్గర వదిలారు. మహా నిష్ఠాపరులు. స్నానాల గదిలో తప్ప ఇంట్లో అద్దం ఉండేది కాదు. పిల్ల అందులో మొహం చూసుకుని మురుస్తూ దొరికిపోతే చీవాట్లు. తర్వాత మొహంతోనే కోట్లమందిని నవ్వించిన మనిషి ఈ ఇంట్లో పెరగడం విచిత్రమే. దీనికి పూర్తి విరుద్ధంగా, ఊరి క్లబ్బువాళ్ల నాటకానికి అమ్మాయిలు కావాలంటే 12 ఏళ్ల లూసిల్‌ని వెళ్లి ప్రయత్నించమన్నది ఆ మారుతండ్రే.

15 ఏళ్లకు న్యూయార్క్ నగరంలో నటన బడిలో చేర్పించారు. అదే బడిలో బెటీ డేవిస్ వెలిగిపోతోంది. లూసిల్ నోరు విప్పడానికే జంకేది. డబ్బు దండగ, పిల్లను వెనక్కి పిలిపించుకోండని బడివాళ్లు తల్లికి రాశారు. 1927లో ఇంకో దెబ్బ. తాత మనవడికి తుపాకీ కొనిచ్చాడు. పెరట్లో పిల్లలు గురి చూసి కాలుస్తుంటే తూటా పొరుగింటి అబ్బాయికి తగిలింది. వాడికి నడుం కింద చచ్చుబడిపోయింది. కోర్టు వ్యవహారంలో తాత ఇల్లు పోయింది. కుటుంబం జేమ్స్‌టౌన్‌లో చిన్న వాటాలోకి మారింది. అచ్చంగా ఆ ఊరి జ్ఞాపకాల కోసమే ఎవరైనా ఆమెను అడిగి ఉంటే, నవ్వులకంటే ముందు ఇవి చెప్పాల్సి వచ్చేది.

తర్వాత పద్దెనిమిదేళ్ల సినిమా జీవితాన్ని గబగబా చెప్పేయొచ్చు. బట్టల మోడల్, మధ్యలో కీళ్ల జబ్బుతో రెండేళ్ల మంచం, సిగరెట్ ప్రకటనలో అందాల బొమ్మ, 1933లో హాలీవుడ్‌లో గుంపు నర్తకి. ఆర్‌కేఓలో, ఎంజీఎంలో ఏళ్ల తరబడి వేషాలు. ఆమెకు వచ్చిన బిరుదు ‘బి గ్రేడ్ సినిమాల రాణి’. పొడవాటి కాళ్లు, పెద్ద కళ్లు, రంగేసిన ఎర్రజుట్టు చూసి వేషాలిచ్చారు గానీ, ఈ అమ్మాయి మొహం వంకర తిప్పితే థియేటర్ పడిపోతుందని ఎవరికీ తట్టలేదు. 1940లో క్యూబా నుంచి వచ్చిన గాయకుడు డెసీ అర్నాజ్‌ను పెళ్లాడింది. ఆయన బ్యాండుతో ఊళ్లు తిరిగేవాడు, ఈమె స్టూడియోలో ఉండేది.

1950కి వద్దాం, అసలు కథ ఇక్కడుంది. రేడియోలో ఆమె చేస్తున్న గృహిణి హాస్యం బాగా పేలుతోంది. దాన్ని టీవీకి తెమ్మని సీబీఎస్ అడిగింది. మొగుడి వేషం నా మొగుడికే ఇవ్వాలని లూసిల్ పట్టుబట్టింది. యాసతో ఇంగ్లిష్ మాట్లాడే క్యూబా వాణ్ని తెల్ల పిల్లకు భర్తగా చూపిస్తే జనం ఒప్పుకోరని వాళ్ల బెదురు. ఇద్దరూ 1950లో వేదికల మీద హాస్య ప్రదర్శనలిస్తూ ఊళ్లు తిరిగి, జనం ఒప్పుకుంటారో లేదో జనం దగ్గరే తేల్చుకున్నారు.

రెండో పేచీ చోటు గురించి. అప్పట్లో టీవీ కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా ప్రసారమయ్యేవి. దూరంగా ఉన్న స్టేషన్లకు, తెర ముందు కెమెరా పెట్టి తీసిన మసక కాపీ వెళ్లేది. లూసిల్, డెసీ హాలీవుడ్ వదిలేది లేదన్నారు. అయితే సినిమాలాగా 35 ఎంఎం ఫిల్ము మీద తీద్దాం, ఎదురుగా మూడొందల మంది ప్రేక్షకుల్ని కూర్చోబెడదాం, మూడు కెమెరాలు ఒకేసారి తిప్పుదాం అన్నారు. లైటింగ్‌కు ‘మెట్రోపోలిస్’కు పనిచేసిన జర్మన్ ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్‌ను తెచ్చారు. ఖర్చు పెరుగుతుందని చానల్ గొణిగింది. సరే, మా జీతంలో వారానికి వెయ్యి డాలర్లు కోసుకోండి, ఫిల్ము హక్కులు మాత్రం మావి అన్నారు భార్యాభర్తలు. సీబీఎస్ ఒప్పేసుకుంది. ఒకసారి వేసేసిన కార్యక్రమాన్ని మళ్లీ ఎవరు చూస్తారని అప్పటి లెక్క. టీవీ చరిత్రలో అంత చవగ్గా పోయిన ఆస్తి ఇంకోటి ఉండదేమో. పాత ఎపిసోడ్లు తిరగేసి, మరగేసి వేసే పద్ధతికి దారిపడింది ఇక్కడే.

‘ఐ లవ్ లూసీ’ 1951 అక్టోబర్ 15న మొదలైంది. లూసీ రికార్డోకు బ్యాండు నడిపే మొగుడు, అదే భవనంలో ఇంటి ఓనరు దంపతులు. ఆమెకు వేదికెక్కి పేరు తెచ్చుకోవాలని పిచ్చి, వారానికో పన్నాగం, వారానికో భంగపాటు. మన ‘అమృతం’ చూసి నవ్వినవాళ్లకు ఈ వరస కొత్తేం కాదు.

1952 మేలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో లూసీ టానిక్ ప్రకటనలో చేస్తుంది. మందు పేరు వైటామీటావెజమిన్. సీసా చూపించాలి, పేరు గుక్కతిప్పుకోకుండా పలకాలి, చెంచాడు మింగి, భలే రుచి అని నవ్వాలి. మొదటి చెంచాకు మొహం పుల్లగా ముడుచుకుపోతుంది, ఆ ముడతను నవ్వుగా సాగదీస్తుంది. రిహార్సల్ మళ్లీ, మళ్లీ. అందులో నూటికి 23 పాళ్లు ఆల్కహాలని ఆమెకు తెలియదు. చెంచా చెంచాకూ ముడత పోయి మైకం ఎక్కుతుంది, మందు పేరులో అక్షరాలు ఒకదాని చోట ఒకటి పడతాయి, చెంచాలో పోయాల్సింది పక్కన పోస్తుంది, చివరికి సీసాయే ఎత్తేస్తుంది. చూస్తే అప్పటికప్పుడు తోచి చేసినట్టుంటుంది. కనుబొమ్మ ఎప్పుడు లేవాలో కూడా ముందే తేల్చుకుని వారమంతా సాధన చేసేదావిడ. షూటింగ్ జరిగే రోజు తల్లి డీడీ ప్రేక్షకుల్లో కూర్చునేది. లూసీ చిక్కులో పడబోతుంటే అయ్యయ్యో అన్నట్టు ఆమె తీసే దీర్ఘం ఎన్నో ఎపిసోడ్ల నవ్వుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

1952లో లూసిల్ మళ్లీ నెల తప్పింది. సీరియల్ ఆపేస్తారనుకున్నారు. ఆపకుండా కథలోకే తెచ్చారు. గర్భవతి అన్న మాట మాత్రం తెర మీద పలకకూడదు, అది చానల్ షరతు. స్క్రిప్టులు ఒక క్యాథలిక్ ఫాదరీ, ఒక ప్రొటెస్టంట్ పాస్టరు, ఒక యూదు రబ్బీ చదివి సరేనన్నాక షూటింగ్. 1953 జనవరి 19న ఉదయం ఆమెకు సిజేరియన్‌తో కొడుకు పుట్టాడు. ఆ రాత్రే తెర మీద లూసీకీ కొడుకు పుట్టాడు. దాదాపు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. మర్నాడు ఐసెన్‌హోవర్ ప్రమాణ స్వీకారం చూసినవాళ్లు అంతకన్నా బాగా తక్కువ.

అదే ఏడాది తాత ఆవేశం తిరిగొచ్చి ఆమెను పట్టుకుంది. 1936లో ముసలాయన్ని సంతోషపెట్టడానికి ఇంటిల్లిపాదీ కమ్యూనిస్టు పార్టీ ఓటర్లుగా పేరు రాయించుకున్నారు. 1953 సెప్టెంబర్‌లో, కమ్యూనిస్టుల వేటలో కొమ్ములు తిరిగిన నటుల బతుకులే బుగ్గయిపోతున్న రోజుల్లో, ఆమె విచారణ సంఘం ముందు కూర్చుని మా తాత కోసం చేశానని చెప్పింది. ఆ వారం షూటింగుకు వచ్చిన ప్రేక్షకులతో డెసీ, మా ఆవిడలో ఎరుపు ఉన్నదల్లా జుట్టులోనే, అదీ సహజం కాదు అన్నాడు. జనం నవ్వారు, గొడవ అక్కడితో పోయింది. అంత తేలిగ్గా బయటపడ్డవాళ్లు తక్కువ.

సీరియల్ 1957లో ముగిసింది. ఒకప్పుడు తామిద్దరూ జీతానికి పనిచేసిన ఆర్‌కేఓ స్టూడియోను ఆ ఏడాదే వాళ్ల సంస్థ డెసిలూ కొనేసింది. పెళ్లి మాత్రం 1960 దాటలేదు. డెసీ తాగుడు, ఇతర వ్యవహారాలు. 1962లో ఆయన వాటా కూడా కొనేసి లూసిల్ అధ్యక్షురాలి కుర్చీలో కూర్చుంది. హాలీవుడ్‌లో అంత పెద్ద స్టూడియోకు ఆడమనిషి యజమాని కావడం అప్పటికి కొత్త. ఖర్చెక్కువని సొంతవాళ్లే వెనకాడిన ‘స్టార్ ట్రెక్’కు పచ్చజెండా ఊపింది ఆవిడే. 1967లో సంస్థను కోటీ 70 లక్షల డాలర్లకు అమ్మింది. 1986లో మళ్లీ ఒక సీరియల్ చేసింది, ఆడలేదు. 1989 ఏప్రిల్ 26న, 77 ఏళ్ల వయసులో పోయింది.

పుట్టిన ఊరిని ఆమె తెర మీద వదల్లేదు. లూసీ రికార్డోది కూడా జేమ్స్‌టౌనే. 1956లో ఒక సినిమా విడుదలకు మొగుడితో కలిసి ఊరొచ్చింది. ఆమె చితాభస్మం ముందు లాస్ ఏంజెలెస్‌లో ఉండేది. 2002లో పిల్లలు దాన్ని తెచ్చి జేమ్స్‌టౌన్ లేక్ వ్యూ శ్మశానంలో కుటుంబం పక్కన ఉంచారు. డౌన్‌టౌన్‌లో లూసీ డెసీ మ్యూజియం 1996లో మొదలైంది. అక్కడ సీరియల్ ఇల్లు సోఫాతో సహా మళ్లీ కట్టి పెట్టారు. టానిక్ బల్ల దగ్గర నిలబడి ఆ డైలాగు మీరూ చెప్పి చూసుకోవచ్చు. నాలిక మెలికపడకుండా ముగించేవాళ్లు అరుదు. 2018లో తెరిచిన నేషనల్ కామెడీ సెంటర్ ఇంకా పెద్దది. తన ఒక్కదాని స్మారకం కాకుండా మొత్తం హాస్య కళకు ఊళ్లో చోటుండాలని లూసిల్ కోరిందని చెబుతారు. లోపలికి వెళ్లేటప్పుడు చేతికి ఒక చిప్పు పట్టీ కడతారు, మీకు ఏ రకం హాస్యం నచ్చుతుందో అది లెక్కగట్టి, మీకు తగ్గవి చూపిస్తుంది. జార్జ్ కార్లిన్ రాతలన్నీ ఇక్కడే భద్రపరిచారు. ఏటా ఆగస్టులో ఆమె పుట్టినరోజు వేళకు హాస్యోత్సవం. ఫర్నిచర్ పోయిన ఊరికి ఇది కొత్త పరిశ్రమ. చిన్న ఊళ్లు తమ పెద్దమనుషుల పేరు మీద ఇంతకన్నా నిస్సారమైన పనులు చేయడం మనకు తెలుసు.

సెలరాన్ పార్కులో మాత్రం కొంత గొడవ జరిగింది. 2009లో అక్కడ లూసీ కంచు విగ్రహం పెట్టారు. ఒక చేతిలో ఆ టానిక్ సీసా, ఇంకో చేతిలో చెంచా. కళ్లు గుడ్లు తేలేసినట్టు, పళ్లు బయటికి, దవడ బిగుసుకుని ఉంటుంది. ‘భయపెట్టే లూసీ’ అని జనమే పేరు పెట్టారు. తీసేయాలని ఫేస్‌బుక్‌లో ప్రచారం మొదలై, 2015లో దేశమంతా పాకింది. శిల్పి క్షమాపణ చెప్పుకున్నాడు. 2016లో ఆమె పుట్టినరోజున కరోలిన్ పామర్ చేసిన కొత్త విగ్రహం వచ్చింది. చుక్కల గౌను, ముత్యాల దండ, చక్కటి మొహం. అందరూ హమ్మయ్య అనుకున్నారు.

పాతదాన్ని పారేయలేదు, అదే పార్కులో కాస్త దూరంలో ఉంచారు. దాన్ని చూడటానికే వచ్చేవాళ్లు ఇప్పుడు బోలెడుమంది. కొత్తది నిజంగానే బాగుంది, పోలికా బాగా కుదిరింది. కానీ అలా చక్కగా నిలబెట్టి హాలీవుడ్ పద్దెనిమిదేళ్లు చూసింది, ఏమీ ఒరగలేదు. ముక్కు మీద మంట పెట్టుకోవడానికి, ద్రాక్షల తొట్లో పడి కొట్టుకోవడానికి, నోట్లో చాక్లెట్లు కుక్కుకుని బుగ్గలు ఉబ్బించడానికి ఒప్పుకున్నాకే ఆమె లూసీ అయింది. నన్నడిగితే నా ఓటు ఆ పాత అనాకారి విగ్రహానికే.