పాత డబ్బా - కొత్త ఛాసీ

మోటారు బండి అనగానే మనకు ముందుగా గుర్తొచ్చేది దాని రూపం. బోనెట్ వంపు, ముందు దీపాలు, తలుపుల తీరు చూసి ఇది ఫలానా బండి అంటాం. కాని లారీలు, జీపులు, పికప్‌ల విషయంలో కంటికి కనబడేది బండిలో సగం మాత్రమే. మిగతా సగం కింద దాగి ఉంటుంది. రెండు పొడవాటి ఉక్కు దూలాలు, వాటిని కలిపే కొన్ని అడ్డకమ్ములు - చూడటానికి నేలమీద పడుకోబెట్టిన నిచ్చెనలా ఉంటుంది. దీనినే ఛాసిస్ అంటారు. మన మేస్త్రీల నోట అది ఛాసీ. ఇంజను, గేర్‌బాక్సు, ఇరుసులు, చక్రాలు, బ్రేకులు అన్నీ ఈ నిచ్చెనను పట్టుకునే ఉంటాయి. పైనున్న బాడీ కొన్ని బోల్టులతో దాని మీద కూర్చుంటుంది, అంతే.

బోల్టులతో కూర్చున్నది బోల్టులు విప్పితే లేస్తుంది గదా! మరి అరవై, డెబ్బై ఏళ్లనాటి పికప్ బాడీని ఎత్తి ఈనాటి ఛాసీ మీద పెట్టవచ్చునా? పెడితే క్షేమంగా నడుస్తుందా? నడిచినా రోడ్డెక్కనిస్తారా? ఈ మూడు ప్రశ్నలకు చేతనైనంతవరకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ఇది కొత్త విద్య కాదు

పురానాపూల్ దాటి పాతబస్తీ లోపలికి వెళితే చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి కనిపిస్తుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం ఆర్డరు వేసినది. పాపం, బండి రాకముందే 1911లో ఆయన కన్నుమూశారు. మనకు కావలసిన సంగతేమిటంటే, ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ వారు ఇంజనుతో సహా ఛాసీ వరకే తయారుచేసేవారు. దానిపై బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. వారు అసలు గుర్రపు బగ్గీలు కట్టడంలో పేరుపడ్డవారు. అంటే నిజాంగారి కారుకు కూడా కాళ్లు ఒకరివి, ఒళ్లు ఇంకొకరిది!

మన లారీల సంగతీ ఇంతే. కంపెనీ నుంచి చాలా లారీలు ఒట్టి ఛాసీగానే వస్తాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల మేస్త్రీలు కర్రతో, రేకుతో బాడీ కడతారు.

పల్లెటూరి మిత్రులకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అదే టైరు బండి. కర్ర చక్రాలు, ఇనుప పట్టాలు ఉన్న ఎద్దుల బండిని రైతు ఏం చేశాడు? పాత మోటారు ఇరుసు ఒకటి కొని, రబ్బరు టైర్లు తొడిగి, దానిమీద తన బండినే కట్టించుకున్నాడు. ఎద్దులకు బరువు తేలికైంది, బండికి కుదుపు తగ్గింది. పాత ఒంటికి కొత్త కాళ్లు పెట్టడం మన రైతు ఏ పుస్తకమూ చదవకుండానే చేసిన పని.

పురానాపూల్ పరిసరాలు ఇటువంటి పనులకు అలవాటుపడినవి. గురువారంనాడు జుమ్మెరాత్ బజార్‌లో పాత పనిముట్లు, ఇనుప సామాను కుప్పలుగా పోసి అమ్ముతారు. అక్కడికి దగ్గరలోనే, బహదూర్‌పురాలో, కె. సుధాకర్ యాదవ్‌గారి సుధా కార్స్ మ్యూజియం ఉంది. 2010లో మొదలైన ఈ మ్యూజియంలో క్రికెట్ బ్యాటు, బూటు, కెమెరా, వంకాయ ఆకారాల్లో కార్లున్నాయి. అవి ఒట్టి బొమ్మలు కావు, నడిచే బండ్లు. ఆయన చేసిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు 2005లో గిన్నిస్ రికార్డు పొందింది. కింద నడిచే యంత్రం సవ్యంగా ఉంటే పైన రూపం ఏదైనా కావచ్చునని ఆ మ్యూజియం చూసినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

ఎందుకు మార్చాలి?

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశాబ్దాల్లో మన రోడ్లమీద తిరిగిన డాడ్జి, ఫార్గో బండ్లు బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు అమెరికాలోని క్రైస్లర్ కంపెనీ ఒప్పందంతో తయారుచేసినవి. ఇప్పుడవి తయారు కావడంలేదు.

మా ఇంట్లో ఈ చర్చ ఊరికే పుట్టలేదు. మా తాత కొన్న డాడ్జి పికప్ మా పశువుల కొట్టం పక్కన ఉంది. బాడీ రేకు ఇప్పటికీ తట్టితే ఖంగున మోగుతుంది. ఛాసీ మాత్రం తుప్పు తినేసింది. ఆ బాడీని కొత్త ఛాసీకెక్కిస్తే కూరగాయలు మార్కెట్టుకు తోలుకోవచ్చునని మా నాన్న ఆలోచన. "నువ్వు సైన్సు చదువుతున్నావు గదరా, ఇది అయ్యే పనో కాదో కనుక్కో" అన్నాడు. కనుక్కుంటూ పోతే సగం భౌతికశాస్త్రం, సగం చట్టం తగిలాయి.

ముందు భౌతికశాస్త్రం. బండి గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగం 80 అయితే బ్రేకులు మింగవలసిన శక్తి రెండింతలు కాదు, నాలుగింతలు. ఆనాటి నెమ్మది ప్రయాణాలకు చేసిన డ్రమ్ము బ్రేకులతో ఈనాటి హైవే మీద వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. ఆనాటి బండ్లలో చాలావాటికి కరెంటు 6 ఓల్టులే. ఇప్పుడు 12 ఓల్టులు. పాత బల్బును అలాగే కొత్త బ్యాటరీకి తగిలిస్తే, నిరోధం మారదనుకుంటే, సామర్థ్యం నాలుగింతలై క్షణంలో మాడిపోతుంది. కాబట్టి బాడీ మార్చినప్పుడు పాత వైరింగు మొత్తం తీసివేయవలసిందే.

కొలతలు కుదరాలి

మొదటి కొలత ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం. 1950 ప్రాంతపు అర టన్ను డాడ్జి పికప్‌కు ఇది 108 అంగుళాలు, అంటే 2,743 మిల్లీమీటర్లు. కొత్త ఛాసీకి 3,000 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. తేడా 257, సుమారు పది అంగుళాలు. ముందు చక్రాన్ని మడ్‌గార్డు కిందికి సరిగ్గా తెస్తే వెనక చక్రం పది అంగుళాలు వెనక్కి పోతుంది. అప్పుడు క్యాబిన్‌కు, వెనక తొట్టికి మధ్య ఖాళీ వదలాలి, లేదా తొట్టిని పొడిగించాలి. ఛాసీనే కోసి పొట్టి చేయడం కొందరికి సులువుగా తోస్తుంది గాని, బలం దృష్ట్యా, చట్టం దృష్ట్యా అది చివరికి కూడా చేయరాని పని.

రెండవ కొలత చక్రాల మధ్య వెడల్పు. మూడవది రేడియేటరు, స్టీరింగు కడ్డీ, పెడళ్లు పాత బాడీలో ఎక్కడికి వస్తాయన్నది. ఇవన్నీ కత్తెర పట్టకముందే చూసుకోవాలి. దారానికి గుండు కట్టి ఛాసీ మీది బిందువులను నేలమీద సున్నంతో గుర్తు పెడితే ఛాసీ వంకర ఇట్టే తెలిసిపోతుంది. దీర్ఘచతురస్రం కర్ణాలు రెండూ సమానమని మనం హైస్కూల్లో చదివాం. నేలమీది గుర్తుల మధ్య మూల నుంచి మూలకు కొలిచి, రెండూ సమానం కాకపోతే ఛాసీ వంగిందన్నమాటే.

బరువు సంగతి కూడా మరువరాదు. ఇరుసుల మధ్య 3 మీటర్లున్న బండిలో 1,000 కిలోల సరుకు భారకేంద్రం వెనక ఇరుసుకు 30 సెంటీమీటర్లు అవతల పడితే, ముందు చక్రాల మీద 100 కిలోల భారం తగ్గుతుంది. తులాదండ సూత్రమే ఇది. ముందు తేలిపోయిన బండికి స్టీరింగు మాట వినదు.

మెలితిప్పి చూడండి

బాడీకి, ఛాసీకి మధ్య రబ్బరు దిమ్మలు ఎందుకుంటాయి? గుంతలో ఒక చక్రం పడినప్పుడు ఛాసీ కొద్దిగా మెలి తిరుగుతుంది. రబ్బరు లేకుండా బాడీని నేరుగా వెల్డింగు చేస్తే ఆ మెలిక రేకులోకి ఎక్కి పగుళ్లు ఇస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 100 × 50 మిల్లీమీటర్ల కొలత, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న చతురపు ఉక్కు గొట్టం తీసుకోండి. దాన్ని ఒకవైపు నిలువునా చీల్చండి. బరువు తగ్గలేదు, ఉక్కు తగ్గలేదు. కాని లెక్కవేస్తే మెలికను తట్టుకునే బిగువు దాదాపు 180వ వంతుకు పడిపోతుంది! నమ్మకం లేకపోతే అట్టగొట్టం ఒకటి మెలితిప్పి చూసి, తరువాత దాన్ని చీల్చి మళ్లీ తిప్పండి. ఛాసీ దూలానికి ఇష్టం వచ్చినచోట రంధ్రం వేయరాదు, అంచు కోయరాదు, వేడి తగలనీయరాదు అని మేస్త్రీలు అనేది ఇందుకే. వారు సూత్రం రాయరు గాని సూత్రం వారి చేతిలో ఉంది.

చట్టం ఏమంటుంది?

ఇక రెండో సగం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతిని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. కొత్త ఛాసీ మీద కట్టే లారీ బాడీలకు కూడా ఏఐఎస్-093 అనే నియమావళి ఉంది.

"మాది పాతకాలపు బండి గదా, వింటేజ్ కింద రిజిస్టరు చేయిస్తాం" అంటారేమో! 2021 జూలైలో వచ్చిన నియమాలు యాభై ఏళ్లు దాటిన బండ్లకు 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తాయి. కాని అది అసలు రూపంలో ఉండాలి. ఛాసీగాని, బాడీగాని, ఇంజనుగాని మార్చినది వింటేజ్ కాదు. పైగా వింటేజ్ బండితో వ్యాపారం చేయరాదు.

అంటే మనిషి కంటికి బండి పేరు దాని ముఖాన్ని బట్టి, చట్టం కంటికి ఛాసీ మీద కొట్టిన నంబరును బట్టి. ఆలోచిస్తే చట్టం మాటలో న్యాయం లేకపోలేదు. 1578లో కట్టిన పురానాపూల్‌నే చూడండి. 1820 వరద తరువాత మరమ్మతు చేశారు, 1908 వరద తరువాత మళ్లీ చేశారు. అయినా ఆ 22 కమానులను చూసి మనం దాన్ని పాత వంతెన అనే అంటున్నాం. మోసేది ఏదో, పేరు దానిది.

అందుచేత మా నాన్నకు నేను చెప్పిన జవాబు ఇది: "పని అవుతుంది, కాని మార్కెట్టుకు కాదు." మార్కెట్టుకు కంపెనీ ఇచ్చిన బండి ఇచ్చినట్టే వాడాలి. తాత బండిని నిలబెట్టాలంటే దాని ఛాసీనే తుప్పు గీకి, దాని పద్ధతిలోనే బాగుచేయించి, వింటేజ్‌గా ఉంచుకోవాలి. నాన్న కాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ముందు తుప్పు గీకిద్దాం" అన్నాడు.

విద్యార్థి మిత్రులకు ఒక మనవి. పాతబస్తీ మేస్త్రీల చేతుల్లో ఉన్న ఈ విద్య ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. మనకు సూత్రాలు తెలుసు, వారికి ఇనుము తెలుసు. సెలవుల్లో ఒక నోట్‌బుక్కు, ఒక టేపు పట్టుకుని వారి దగ్గర కూర్చుంటే రెండు విద్యలూ ఒకచోట చేరతాయి. బాడీ ఒకచోట, ఛాసీ ఒకచోట ఉంటే బండి నడవదు గదా!