చలికి మూసిన తలుపు

పుణె నగరంలో డిసెంబరు, జనవరి మాసాలలో పగలు ఎండ 30 డిగ్రీల వరకు కాచినా, తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10, 12 డిగ్రీలకు దిగడం సాధారణం. సముద్రమట్టానికి సుమారు 560 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పీఠభూమిపై గాలి పొడిగాను, ఆకాశం నిర్మలంగాను ఉండటంవల్ల పగటి వేడి రాత్రికి నిలవదు. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలనుండి వచ్చినవారికి ఈ చలి కొత్త. నిర్మాణ పనులకు వచ్చి రేకుల గదులలో ఉంటున్న కుటుంబాలకు మరింత కష్టం.

చలి వేయగానే తలుపులు బిగించుకోవడం సహజమే. అయితే మూసిన తలుపు చలితోపాటు గాలిని, ఎండను, మనుషులను కూడా బయటనే నిలుపుతుంది. చలికాలపు అనారోగ్యానికి, దిగులుకు చాలావరకు మూలం అక్కడే ఉంది.

గాలి

అన్నిటికంటె పెద్ద ప్రమాదం మూసిన గదిలోని కుంపటి. బొగ్గులు, కట్టెలు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌కు అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకొంటుంది. అందువల్ల శ్వాస ఆడుతున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు. నిద్రలో ఉన్నవారు మేలుకొనకుండానే మరణించవచ్చు. పొగ రాని నిప్పు, బూడిద కప్పిన నిప్పు కూడా ఈ వాయువును వదులుతూనే ఉంటాయి. కాబట్టి పడుకొనే గదిలోనికి కుంపటిని ఎట్టి పరిస్థితిలోను తేరాదు.

స్నానాల గదిలోని గ్యాస్ గీజరు కూడా ఇటువంటిదే. దానిని గది వెలుపల, గాలి ఆడేచోట బిగించాలి. లోపలే ఉన్నట్లయితే వెంటిలేటరును ఎన్నడూ మూయరాదు. బకెట్టు నిండిన తరువాత గీజరును ఆపి, తలుపు కొంతసేపు తెరచి ఉంచి, ఆపైన స్నానానికి వెళ్ళడం క్షేమం.

ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి జ్వరం లేకుండానే ఒకేసారి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్లుండటం కనిపిస్తే ఈ విషవాయువునే అనుమానించాలి. వెంటనే తలుపులు తెరచి, అందరినీ ఆరుబయటకు చేర్చి, 108కి ఫోను చేయాలి. బయటకు రాగానే తేలికపడినా వైద్యునికి చూపించుకోవడం తప్పనిసరి.

నిప్పు లేకుండా వెచ్చగా ఉండటానికి మార్గాలు లేకపోలేదు. ఒక మందపు దుస్తుకు బదులు రెండు మూడు పలుచని దుస్తులు వేసుకొంటే వాటి నడుమ నిలిచిన గాలి వెచ్చదనాన్ని కాపాడుతుంది. నేల శరీరపు వేడిని లాగుతుంది కాబట్టి పరుపు కింద అట్టలుగాని చాపగాని పరచుకోవాలి. చెవులను, పాదాలను కప్పుకోవాలి.

ఎండ

ఈ నగరంలో డిసెంబరు చివర పగలు సుమారు 11 గంటలే. జూన్ నెలతో పోలిస్తే రెండు గంటలకు పైగా తక్కువ. ఉదయపు వెలుతురు కంటికి సోకితే రాత్రి నిద్ర సమయానికి పడుతుంది, మనస్సు తేరుకొంటుంది. చర్మంలో విటమిన్ డి తయారుకావడానికీ ఎండ తగలాలి. మూసిన కిటికీ అద్దంలోనుండి వచ్చే ఎండకు ఆ శక్తి ఉండదు. అందుచేత రోజూ కొంతసేపు ఆరుబయట గడపడం అవసరం.

అయితే తెల్లవారుజామున చల్లని గాలి నేలను అంటిపెట్టుకొని ఉండటంవల్ల పొగ, దుమ్ము పైకి పోవు. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు కూడా పెరుగుతుంది. ఉబ్బసం, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు, వృద్ధులు ఎండ పొడచూపిన తరువాతనే నడకకు బయలుదేరడం మేలు. దాహం వేయకపోయినా నీరు త్రాగుతుండాలి.

మనుషులు

ధనుర్మాసం వచ్చేసరికి ఊరి వాకిట ముగ్గులు, గొబ్బెమ్మలు, హరిదాసు పాట గుర్తుకు వస్తాయి. సెలవు దొరకక, రైలు టికెట్టు దొరకక ఇక్కడే ఉండిపోయినవారికి ఆ రోజులు బరువుగా గడుస్తాయి. అది బలహీనత కాదు. ఒంటరిగా గదిలో కూర్చోవడంకంటె ఇరుగుపొరుగుతో కలసి పండుగ చేసుకొంటే ఆ బరువు తగ్గుతుంది. మరాఠీ పొరుగువారు సంక్రాంతికి నువ్వులు బెల్లం పంచి తియ్యగా మాట్లాడుకొందామని కోరుతారు. ఆ నువ్వులు, బెల్లం తెలుగువారికీ కొత్తవి కావు. వారికి ఒక పళ్ళెంలో అరిసెలు పంపితే పరిచయానికి అంతకన్న చక్కని ఆరంభం ఉండదు.

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, ఆకలి మందగించినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా టెలి మానస్ 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. ఈ సేవ ఉచితం, పగలూ రాత్రీ అందుతుంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగరాదు.

భోగిమంటను పెద్దలు ఆరుబయటనే వేశారు, పదిమందిని పిలిచి చుట్టూ నిలిపారు. నిప్పు బయట ఉండాలి, మనుషులు దగ్గరగా ఉండాలి. చలికాలానికి ఆ పద్ధతి నేటికీ సరిపోతుంది.