గాజుతొట్టెలో కడలి... మళ్లీ పుట్టిందిలా!

తుపాను వచ్చింది, వెళ్లింది. భవనం దాదాపు చెక్కుచెదరలేదు. నది ఒడ్డునే అయినా కాస్త ఎత్తయిన చోట ఉండటంతో వరద కూడా ముంచెత్తలేదు. హమ్మయ్య అనుకునేలోపే... లోపలున్న వేల చేపలు ఒక్కొక్కటిగా చచ్చి తేలాయి. కారణం? కరెంటు! కొన్నిరోజుల్లో ఖాళీ అయిపోయిన ఆ బుల్లి సముద్రాన్ని మళ్లీ నింపడానికి దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. ఆ కథలో పెద్దపెద్ద అక్వేరియంలకే కాదు, హాల్లో గాజుతొట్టె పెట్టుకున్న ప్రతి కుటుంబానికీ పనికొచ్చే పాఠం ఉంది.

అమెరికాలోని న్యూఆర్లీన్స్‌లో మిసిసిపీ నది పక్కనే ఉంటుంది ఆడుబాన్ అక్వేరియం. 1990లో ప్రారంభించారు. పిల్లలు కేరింతలు కొడుతూ గాజు సొరంగంలో నడుస్తుంటే నెత్తిమీదుగా రంగురంగుల చేపలు ఈదుతూ వెళ్లేవి. కరీబియన్ పగడపు దిబ్బలను గుర్తుచేసే ఆ తొట్టెలో సుమారు 5 లక్షల లీటర్ల ఉప్పునీరు. సొరచేపలు తిరిగే మరో తొట్టెలోనైతే సుమారు 15 లక్షల లీటర్లు!

2005 ఆగస్టు 29. కత్రినా తుపాను తీరాన్ని తాకింది. కరకట్టలు తెగి నగరంలో దాదాపు 80 శాతం మునిగిపోయింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన మహావిషాదం అది. అక్వేరియం సిబ్బందిలో కొందరు చేపల కోసం లోపలే ఉండిపోయారు. జనరేటర్ మీద పంపులు నడిపించారు. కానీ బయట పరిస్థితులు చేయిదాటిపోవడంతో వాళ్లూ వెళ్లిపోక తప్పలేదు. ఆ తర్వాత జనరేటర్ మొరాయించింది. కొన్నిరోజులకు తిరిగొచ్చి చూస్తే... దాదాపు 10 వేల జలచరాల్లో అత్యధికం చచ్చిపోయి ఉన్నాయి. పెంగ్విన్లు, సముద్రపు ఓటర్లు, తెల్ల మొసలి, భారీ సముద్రపు తాబేలు లాంటి కొన్ని మాత్రం బతికి బట్టకట్టాయి.

ఊపిరాడక...

చేపలకు నీళ్లుంటే చాలుగా, కరెంటుతో పనేంటి అనిపిస్తుంది. అక్కడే ఉంది తిరకాసు. చేప పీల్చేది నీటిలో కరిగిన ఆక్సిజన్ని. చెరువులో అయితే గాలి, అలలు, మొక్కలు ఆ పని చేసిపెడతాయి. తొట్టెలో పంపే దిక్కు. పైగా ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. 25 డిగ్రీల వేడిలో లీటరు మంచినీటిలో 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, సముద్రపు నీటిలో 7 మిల్లీగ్రాములు కూడా పట్టదు. నీళ్లు వేడెక్కేకొద్దీ అదీ తగ్గిపోతుంది. పంపు ఆగితే మొదట అవస్థ పడేవి పెద్ద చేపలే. ఒకటి చచ్చిందంటే దాని శరీరం కుళ్లుతూ మిగిలిన ఆక్సిజన్ని లాగేస్తుంది, అమ్మోనియాని వదులుతుంది. దాంతో పక్కది పోతుంది. పేకమేడలా ఒకదాని వెంట ఒకటి!

అన్నిటికన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. అది తెలియకపోతే మళ్లీ నింపే ప్రయత్నం కూడా బూడిదలో పోసిన పన్నీరే.

పాలు తోడుపెట్టినట్టు...

చచ్చిన చేపల్ని తీసేసి, తొట్టె కడిగి, కొత్త నీళ్లు పోసి, కొత్త చేపల్ని వదిలేస్తే? ఒకట్రెండు వారాల్లో అవీ చచ్చిపోవచ్చు. ఎందుకంటే సముద్రపు తొట్టెను నడిపించేది చేపలు కాదు... బ్యాక్టీరియా!

చేప తిన్న ప్రతిసారీ నీటిలోకి అమ్మోనియా వదులుతుంది. అది విషం. రాళ్లమీద, ఇసుకలో, ఫిల్టర్లలో కోట్లాదిగా కాపురముండే ఒకరకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ ప్రమాదకరమే. మరోరకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపలకు ఫర్వాలేదు. ఈ పారిశుద్ధ్య కార్మికులకు కూడా ఆక్సిజన్ కావాలి. నీటి ప్రవాహం ఆగిపోతే చేపలతోపాటు అవీ పోతాయి. అంటే, ఊళ్లో జనంతోపాటు మున్సిపాలిటీ కూడా మాయమైపోయినట్టన్నమాట.

అందుకే మళ్లీ నింపేటప్పుడు ముందు రావాల్సింది చేప కాదు, బ్యాక్టీరియా. ఆరోగ్యంగా ఉన్న మరో తొట్టెలోంచి ఒక రాయో గుప్పెడు ఇసుకో తెచ్చి వేస్తారు. పాలలో చుక్క మజ్జిగ తోడువేసినట్టే. దానికి తిండిగా చిటికెడు అమ్మోనియా అందిస్తారు. ఇక ఎదురుచూడటమే! మొదట అమ్మోనియా పెరిగి తగ్గుతుంది. తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. రెండూ సున్నాకు చేరి, అక్కడే నిలబడాలి. దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. తోడుకోకముందే గిన్నె కదిపితే పెరుగు ఏమవుతుందో ఇంట్లో అమ్మనడగండి... ఇదీ అంతే.

న్యూఆర్లీన్స్‌లో తొమ్మిది నెలలు పట్టడానికి ఇదొక్కటే కారణం కాదు. నగరమే ఖాళీ అయిపోయింది, సిబ్బంది చెల్లాచెదురయ్యారు. ముందు కుళ్లిన చేపల్ని ఎత్తిపోయాలి, తొట్టెలు శుభ్రం చేయాలి, యంత్రాల్ని బాగుచేయాలి. ఆ తర్వాతే నీళ్లు, ఆ తర్వాతే బ్యాక్టీరియా, చిట్టచివరికి చేపలు.

ముందెక్కినవాడిదే సీటు!

నీళ్లు సిద్ధమయ్యాక కూడా అందరినీ ఒకేసారి పిలవకూడదు. దానికో వరస ఉంది.

నీరు సిద్ధమవుతున్న రోజుల్లో రాళ్లమీద గోధుమరంగు నాచు కమ్ముకుంటుంది. కొత్తవాళ్లు కంగారుపడి కడిగేస్తుంటారు. అది పాడైపోవడం కాదు, బతుకుతోందనడానికి గుర్తు. ఆనక పచ్చనాచు వస్తుంది. దాన్ని మేయడానికి నత్తల్ని, సన్యాసి పీతల్ని వదులుతారు. నెలలు గడిచేకొద్దీ రాళ్లమీద గులాబీరంగు పూతలా సున్నపు నాచు పరుచుకుంటుంది. అది కనిపించిందంటే తొట్టె కుదుటపడినట్టే.

అప్పుడు గట్టిపిండాలైన మెత్తని పగడాలు. ఒక నెలపాటు అవి విచ్చుకుని హాయిగా ఉంటేనే రాతి పగడాలు. వాటికి లెక్కలు కచ్చితంగా ఉండాలి. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలు, 25-26 డిగ్రీల వేడి, అస్థిపంజరం కట్టుకోవడానికి లీటరుకు 400 మిల్లీగ్రాములకు తగ్గని కాల్షియం. ఇవి ఉండటం ఒక ఎత్తు, రోజూ అలాగే ఉండటం మరో ఎత్తు. పగడానికి కావాల్సింది నిలకడ.

చేపల్లో ముందు శాంతస్వభావులు. 'ఫైండింగ్ నెమో' సినిమాలో పిల్లల మనసు దోచిన క్లౌన్‌ఫిష్ గట్టిపిండం, పైగా తొట్టెల్లోనే పిల్లల్ని పెడుతుంది. పొగరుబోతు చేపలు ఆఖర్న. ఎందుకంటే ముందొచ్చిన చేప తొట్టె మొత్తం తనదేననుకుంటుంది. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టేసినట్టే! ఆనక వచ్చినవాటిని తరిమి తరిమి కొడుతుంది. ఒక చేపకూ మరో చేపకూ మధ్య రెండు మూడు వారాల ఎడం ఉండాలి. పెరిగిన భారాన్ని మోయడానికి బ్యాక్టీరియా కూడా పెరగాలి కదా!

76 రోజుల ఉపవాసం

చావుకు కారణం కరెంటు కాక రోగమైతే మరింత ఓపిక కావాలి. ఉప్పునీటి చేపలకు తెల్లమచ్చల జబ్బు తెచ్చే పరాన్నజీవి ఒకటుంది. చేప చచ్చినా అది చావదు. రాళ్లకూ ఇసుకకూ అతుక్కుని వారాల తరబడి కాచుక్కూర్చుంటుంది. కొత్త చేప రాగానే పట్టుకుంటుంది. అందుకే పెంపకందార్లలో చాలామంది 76 రోజులపాటు తొట్టెలో ఒక్క చేపనూ వదలరు. పగడాలూ నత్తలూ ఉండొచ్చు. చేప దొరకని పరాన్నజీవి ఆకలితో నశిస్తుంది.

కొత్తగా కొన్న చేపను కూడా ముందు వేరే తొట్టెలో కనీసం నాలుగు వారాలు ఉంచుతారు. మందులు వాడాలన్నా అక్కడే. చేపల జబ్బుకు వాడే రాగి మందు పగడాల తొట్టెలో పడిందా, పగడాలూ నత్తలూ రొయ్యలూ అన్నీ గల్లంతే.

మన ఇంట్లో అయితే...

2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖ రోజుల తరబడి చీకట్లో గడిపిన సంగతి ఎవరు మర్చిపోగలరు? తీరంలో ఉండేవాళ్లకు కత్రినా కథ దూరపుదేం కాదు. తొట్టె పెట్టుకున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవివి:

* కరెంటు పోతే మొదట కావాల్సింది గాలి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు తొట్టె పక్కనే ఉండాలి. కరెంటు వచ్చేదాకా మేత వేయొద్దు.

* చచ్చినదాన్ని వెంటనే తీసేయాలి. సముద్రపు ఉప్పు కలిపిన నీటిని ముందే సిద్ధంగా ఉంచుకుంటే సగం నీటిని మార్చేయొచ్చు. కుళాయి నీళ్లు నేరుగా పోయొద్దు, అందులోని క్లోరిన్ మిగిలిన బ్యాక్టీరియాను కూడా చంపేస్తుంది.

* పగడం తెల్లబడిందని పారేయొద్దు. ఎక్కడో మూల గోరంత కణజాలం మిగిలినా మళ్లీ పాకుతుంది.

* రాళ్లను శుభ్రం చేద్దామని పొయ్యిమీద పెట్టి మరిగించొద్దు! కొన్ని మెత్తని పగడాల్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆవిరితో కలిసి అది గాల్లోకి లేస్తే ఇంట్లోవాళ్లంతా ఆసుపత్రి పాలవుతారు. విదేశాల్లో అలా జరిగిన సందర్భాలున్నాయి. చేతికి తొడుగు లేకుండా కూడా ముట్టుకోవద్దు.

* అన్నిటికన్నా ముఖ్యం... తొందర పనికిరాదు. ఖాళీ తొట్టెను చూస్తూ ఊరుకోవడం కష్టమే. పిల్లలు రోజూ 'చేపలెప్పుడొస్తాయ్' అనడుగుతారు. ఆ ప్రశ్నకు లొంగిపోయి తెచ్చిన చేపే ఎక్కువగా చచ్చిపోతుంది. కాబట్టి నీటి పరీక్ష పని పిల్లలకే అప్పగించండి. గొట్టంలో రంగు చూసి, పుస్తకంలో రాసుకుని, సున్నా ఎప్పుడొస్తుందా అని వాళ్లే ఎదురుచూస్తారు.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. 'మన దగ్గర చవగ్గా దొరుకుతుంది సార్' అని ఎవరైనా అంటే అక్కణ్నుంచి వచ్చేయడమే మంచిది. సముద్రంనుంచి తీయని ఎండు రాళ్లతో, హేచరీలో పుట్టిన క్లౌన్‌ఫిష్‌తో కూడా అందమైన తొట్టెను తయారుచేసుకోవచ్చు. ఆ చేపల్ని పుట్టించి పెంచే విధానాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఎప్పుడో సాధించారు.

ఇచ్చిందే తిరిగొస్తుంది

పెంచిన పగడాలకు అనుమతి ఉన్న దేశాల్లో పెంపకందార్లకు ఓ మంచి అలవాటుంది. తమ పగడంలోంచి చిన్న ముక్క విరిచి స్నేహితులకు ఇస్తుంటారు. పగడం అంటే ఒక జీవి కాదు, వేల జీవుల కాలనీ. కొమ్మ నాటితే మొక్కైనట్టు ముక్క కూడా పెరుగుతుంది. రేపు తన తొట్టె మొత్తం పోయినా, ఒకప్పుడు తానిచ్చిన ముక్క పిల్ల స్నేహితుడి ఇంట్లోంచి తిరిగొస్తుంది. ఏ బీమా కంపెనీ ఇవ్వని భరోసా అది!

న్యూఆర్లీన్స్‌లో జరిగిందీ ఇంచుమించు అదే. బతికిన 19 పెంగ్విన్లకూ, రెండు ఓటర్లకూ కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం ఆశ్రయమిచ్చింది. తొట్టెల్ని నింపడానికి ఇతర అక్వేరియంలు చేపలిచ్చాయి. మిగిలినవాటిని సిబ్బంది సముద్రానికి వెళ్లి పట్టి తెచ్చారు. 2006 మే 26న తలుపులు తెరుచుకున్నాయి. అప్పటికి నగరంలో చాలా ఇళ్లు ఇంకా కోలుకోనేలేదు. అయినా పిల్లల చేయి పట్టుకుని జనం వచ్చారు. సొరంగంలో నిలబడి తలెత్తితే మళ్లీ చేపలు!

గాజుతొట్టెకైతే మనమున్నాం. అసలు సముద్రానికో? 1998లో ఎల్‌నినో వేడికి లక్షద్వీప్‌లోనూ మన్నార్ సింధుశాఖలోనూ పగడాలు తెల్లబడి పెద్దసంఖ్యలో చచ్చిపోయాయి. 2010లో, 2016లో మళ్లీ అదే దెబ్బ. తొట్టెలో నెలల్లో పూర్తయ్యే పని అక్కడ దశాబ్దాలు తీసుకుంటుంది. 2023 వేసవిలో ఫ్లోరిడా దగ్గర సముద్రం మరీ వేడెక్కితే, శాస్త్రవేత్తలు సముద్రంలోని నర్సరీల్లో పెంచుతున్న పగడాల్ని ఒడ్డునున్న తొట్టెల్లోకి తెచ్చి దాచారు. సముద్రాన్ని చూసి మనిషి తొట్టె కట్టుకున్నాడు. ఇప్పుడు ఆ సముద్రానికే తొట్టెలో చోటివ్వాల్సివస్తోంది!