ఆల్కహాల్ రంగులతో గ్రీటింగ్ కార్డు

మన మందమర్రిలో డిసెంబర్ 23 సింగరేణి దినోత్సవం. 1920లో సంస్థ ఏర్పడిన రోజది. వారం దాటితే కొత్త సంవత్సరం. ఈ రోజుల్లో ఇంటికీ, మిత్రులకూ ఇవ్వడానికి మేము సొంతంగా కార్డులు చేస్తాం. దుకాణంలో కొన్న కార్డు వేలమందికి ఒకటే. ఈ కార్డు ఒకదానిలా మరొకటి రాదు. బొమ్మలు వేయడం రానివారు కూడా దీన్ని చేయవచ్చు.

సాదా కాగితం రంగును పీల్చుకుంటుంది. అందుకని తెల్ల అట్టను లామినేషన్ చేయించుకుంటాం. దానిమీద పర్మనెంట్ మార్కర్లతో రెండు మూడు రంగులు రుద్ది, మందుల షాపులో దొరికే స్పిరిట్ చుక్కలు వేసి, స్ట్రాతో ఊదుతాం. ఈ రంగు నీటిలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. స్పిరిట్ త్వరగా ఆవిరైపోతే రంగు అంచుల్లో చిక్కగా నిలిచి మబ్బుల్లా, అలల్లా కనిపిస్తుంది. ఆరాక కత్తిరించి, మడిచిన డ్రాయింగ్ షీటుకు డబుల్ టేపుతో అతికిస్తాం. శుభాకాంక్షలు వేరే తెల్లచీటీ మీద రాసి అంటిస్తాం. నేరుగా మార్కర్‌తో రాస్తే కింది రంగు కరిగి అలుక్కుపోతుంది.

ఒక్కటి మరువరాదు. స్పిరిట్ ఆవిరికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. బొగ్గుబాయిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోరాదన్న నియమం మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఈ పనికీ అదే నియమం. కిటికీలు తెరిచి, వంటగదికి దూరంగా, పెద్దల ఎదుటే చేయాలి. షిఫ్టు దిగి వచ్చిన నాన్న చేతిలో మన కార్డు పెట్టాలంటే ముందు మన చేతులు క్షేమంగా ఉండాలి కదా!