తెర మీద ఉన్నది నేనేనా?

సినిమా విడిచాక హాల్లోంచి బయటికొచ్చే కుర్రాణ్ణి ఎప్పుడైనా జాగ్రత్తగా చూశారా? లోపలికి వెళ్ళినవాడు ఒకడు, బయటికొచ్చినవాడు ఇంకొకడు! ‘దేవదాసు’ (1953) చూసి నడివేసవిలో శాలువా కప్పుకుని దిగాలుగా తిరిగిన తాతయ్యల కబుర్లు మన ఇళ్ళల్లో వింటూనే ఉంటాం. ‘శివ’ (1989) వచ్చిన కొత్తలో తన సైకిలు చైను వంక ఓసారి కొత్తగా చూసుకోని కాలేజీ కుర్రాడెవడు? ఈ పూనకం రెండు వారాలుంటుంది. మూడో వారం ఇంకో సినిమా వస్తుంది. పాత నడక పోయి కొత్త నడక పట్టుకుంటుంది. ఎవరికీ నష్టం లేదు.

మరి తెర మీంచి హీరో నడకకి బదులు, హీరోకి డాక్టరు పెట్టిన పేరు ఇంటికి తెచ్చుకుంటే?

ఆ పేరు ఇప్పుడు ‘ఆటిజం’. ‘నాక్కూడా అదేనేమో!’ అనుకుంటున్న కుర్రకారు దేశదేశాల్లో కనిపిస్తున్నారు. వాళ్ళల్లో కొందరికి అది నిజమే, ఆ సంగతీ చెప్పుకుందాం. కొందరికి మాత్రం ఉన్నది అది కాదు. అయినా గట్టిగా నమ్మేస్తున్నారు. న్యూయార్కులో ఉన్న పిల్ల చేతిలో ఏ ఫోనుందో యానాంలో గోదారి గట్టున కూచున్న పిల్ల చేతిలోనూ అదే ఉంది. కనక ఇది మనకి పట్టని గొడవని తీసిపారెయ్యడానికి వీల్లేదు.

నవ్వులరాజు మాట మార్చిన వేళ

ఇది కుర్రకారుకే వచ్చే భ్రమ అనుకునేరు! జెర్రీ సైన్‌ఫెల్డ్ అని అమెరికాలో పేరుమోసిన హాస్యనటుడున్నాడు. 1989 నుంచి 1998 దాకా ఆయన ఇంటిపేరుతోనే ఓ టీవీ సీరియల్ నడిచి అక్కడి జనాన్ని ఊపేసింది. 2014 నవంబరులో, అరవయ్యేళ్ళ వయసులో, ఓ టీవీ ఇంటర్వ్యూలో ఆయన ఉన్నట్టుండి ఓ మాటన్నాడు. బాగా సాగదీసి చూస్తే తానూ ఆటిజం వరసలోనే ఎక్కడో ఉన్నాననుకుంటున్నానని! నలుగురితో కలవడం కష్టంగా ఉంటుందట. ఎదుటివాళ్ళు నానుడులు వాడితే ఒక్కోసారి బోధపడదట.

ఇంకేముంది, దుమారం! ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు కొందరు తమకో పెద్ద తోడు దొరికిందని సంబరపడ్డారు. నోట మాట రాని పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులు కొందరు, వేల మందిని మాటలతో నవ్వించే మనిషికీ తమ బిడ్డకీ ఒకే పేరేమిటని మండిపడ్డారు. నెల తిరక్కుండానే ఆయన మాట వెనక్కి తీసుకున్నాడు. తనకి ఆటిజం లేదన్నాడు. ఆటిజం మీద ఓ నాటకం చూస్తుంటే అందులో తన పోలికలేవో కనిపించాయి, అంతేనన్నాడు.

చూశారా! నాటకం చూశాడు, పోలిక కనిపించింది. ఇందులో ఆయన తప్పేం లేదు. నాటకమైనా సినిమా అయినా బతికేది ఆ పోలిక మీదే. తెర మీది మనిషిలో మనం కాస్తయినా కనబడకపోతే టిక్కెట్టు డబ్బులు దండగనుకుంటాం. మనకి ఏడుపొచ్చేదీ, ఈల పడేదీ ఆ పోలిక దగ్గరే. ఆ పోలికని తీసుకెళ్ళి ఆస్పత్రి చీటీ మీద రాసేసుకోవడంలోనే ఉంది తిరకాసంతా.

ఇంకో తమాషా చెప్పనా? లోకానికి ఆటిజం అంటే ఏమిటో పరిచయం చేసిన సినిమా ‘రెయిన్ మేన్’ (1988). డస్టిన్ హాఫ్‌మన్‌కి ఆస్కార్ తెచ్చిన చిత్రం. ఆ కథ పుట్టడానికి ప్రేరణ కిమ్ పీక్ అనే అమెరికన్. వేల పుస్తకాలు ఆయనకి కంఠతా! అయితే ఆయనకున్నది ఆటిజం కాదని తర్వాత తేలింది. మెదడు రెండు సగాలనీ కలిపే నరాల కట్ట ఆయనకి పుట్టుకతోనే లేదు. ఆటిజం ఉన్నవాళ్ళని కూడా గమనించే హాఫ్‌మన్ ఆ పాత్రని తీర్చుకున్నాడు, నిజమే. కానీ మూలవిరాట్టు మాత్రం వేరు!

తర్వాత ‘మై నేమ్ ఈజ్ ఖాన్’ (2010)లో పసుపు రంగు చూస్తే బెదిరిపోయే షారుఖ్ ఖాన్, ‘బర్ఫీ’ (2012)లో ప్రియాంక చోప్రా, కొరియా సీరియల్ ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ (2022)లో తిమింగలాలంటే ప్రాణం పెట్టే లాయరమ్మాయి... అందరూ ముచ్చటైనవాళ్ళే. మన ‘స్వాతిముత్యం’ (1986) శివయ్యని మాత్రం ‘అమాయకుడు’ అనేసి ఊరుకున్నాం. కమల్‌హాసన్ ఆ పాత్ర ఇవాళ వేసుంటే ఇంటర్వెల్ లోపే ఫోనుల్లో రోగనిర్ణయం అయిపోయేది!

ఇంతకీ ఆటిజం అంటే?

ముందుగా, అది జబ్బు కాదు. మెదడు ఎదిగే తీరులో పుట్టుకతో వచ్చే తేడా. 1943లో అమెరికాలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు 11 మంది పిల్లల గురించి రాసి, దాన్ని విడిగా గుర్తించి చూపాడు. అప్పట్లో గుమ్మం చాలా ఇరుకు. తర్వాత వైద్యులు గుమ్మాన్ని వెడల్పు చేస్తూ వచ్చారు. 1994లో అమెరికా వైద్యుల పుస్తకంలో ఆస్పర్జర్ అనే పేరు చేరింది. అంటే మాటలూ చదువూ బాగానే ఉండి, జనంతో మెలగడంలో తికమకపడేవాళ్ళన్నమాట. 2013లో అన్నిటినీ కలిపి ఒకే వరస చేశారు. గుమ్మం వెడల్పయింది కాబట్టే అంతకుముందు బయట మిగిలిపోయిన ఎందరో లోపలికి రాగలిగారు. అది మంచిదే. గుమ్మం వెడల్పయ్యాక దారిన పోయేవాళ్ళకీ లోపలికి తొంగిచూడాలనిపిస్తుంది, అదీ సహజమే.

కానీ గుమ్మం ఎంత వెడల్పయినా కొన్ని షరతులున్నాయి. ఎదుటి మనిషితో ఇచ్చిపుచ్చుకునే మాటల్లో, చూపుల్లో, స్నేహాల్లో ఇబ్బంది ఉండాలి. చేసిందే చెయ్యడం, మార్పుని తట్టుకోలేకపోవడం, ఒకే విషయం మీద పట్టరానంత ధ్యాస, చప్పుళ్ళకీ స్పర్శకీ అతిగా చలించడం లాంటి వాటిలో కనీసం రెండుండాలి. ఇదంతా రోజువారీ బతుకుకి అడ్డుపడుతూ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, పసితనం నుంచీ ఉండాలి! పందొమ్మిదో ఏట, ఇంజనీరింగు రెండో సంవత్సరంలో, ప్రేమ విఫలమయ్యాక మొదలైనది ఆటిజం కాదు.

వెయ్యి మంది హాల్లో...

‘మరి ఆన్‌లైన్ పరీక్షలో నాకు ఎక్కువ మార్కులొచ్చాయే?’ అంటారా? అక్కడికే వస్తున్నా.

ముందో పాత కథ. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మాస్టారు తన క్లాసులో 39 మంది విద్యార్థులకి మనస్తత్వ పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ ‘ఇదీ నీ స్వభావం’ అని కాగితం ఇచ్చాడు. ఎంతవరకు సరిపోయిందో 5కి మార్కులెయ్యమన్నాడు. సగటున 4 దాటాయి. ఆహా, అచ్చు నన్నే చూసి రాశారన్నట్టు! తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. ఆ వాక్యాలు ఏరింది బజార్లో అమ్మే జ్యోతిషం పుస్తకంలోంచి. వారఫలాలు చదివే మనకి ఇది కొత్త కాదు. ‘ఈ రాశివారు పైకి ధైర్యంగా కనబడినా లోపల దిగులు పడుదురు’ అంటే కాదనే రాశి పన్నెండింట్లో ఒక్కటుందా? ‘జనం ఎక్కువైతే నీకు అలసట వస్తుందా? నువ్వు ఎవరికీ అర్థం కావనిపిస్తుందా? అయితే...’ అనే రీలు కూడా ఆ జాతిదే. 2023లో అమెరికా పరిశోధకులు టిక్‌టాక్‌లో ఆటిజం గురించి సమాచారం చెబుతూ బాగా ఆడిన 133 వీడియోలు పరిశీలిస్తే సరైనవి నూటికి 27. తప్పుడువి 41. మిగతావి కొందరి సంగతి అందరికీ అంటగట్టేవి. టిక్‌టాక్ మన దేశంలో 2020లోనే ఆగిపోయింది. సరుకు మాత్రం ఇంకో సంచీలో వస్తోంది.

ఇప్పుడు పరీక్ష సంగతి. బాగా వాడుకలో ఉన్నదాన్ని 2001లో కేంబ్రిడ్జి పరిశోధకులు తయారుచేశారు. 50 వాక్యాలు, 32 దాటితే అనుమానించాలి. మంచి పరీక్షే. వాళ్ళు చూసినప్పుడు ఆటిజం ఉన్నవాళ్ళలో నూటికి 80 మంది ఆ గీత దాటారు. లేనివాళ్ళలో దాటింది నూటికి ఇద్దరే. ‘ఇంకేం, ఖాయం!’ అనకండి. వెయ్యి మంది పట్టే సినిమా హాలు ఊహించుకోండి. నూటికొకరు చొప్పున ఆటిజం ఉన్నవాళ్ళు 10 మంది. వాళ్ళలో 8 మంది గీత దాటుతారు. మిగతా 990 మందిలో నూటికిద్దరు, అంటే దాదాపు 20 మంది దాటుతారు. ‘32 దాటినవాళ్ళు చేతులెత్తండి’ అంటే 28 చేతులు లేస్తాయి. అందులో 20 చేతులు ఆటిజం లేనివాళ్ళవి! పరీక్ష అబద్ధం చెప్పలేదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకోమని మాత్రమే చెప్పింది. మనమే తీర్పు అనుకున్నాం.

పేరు తప్పితే ఏమవుతుంది?

ఓ కుర్రాణ్ణి ఊహించుకుందాం, యానాం వాడే అనుకోండి. ఇరవయ్యేళ్ళు. పెళ్ళిపందిట్లో నలుగురిలోకి వెళ్ళలేడు, ఎవరైనా పలకరిస్తే గుండె దడ. ఆటిజమని తేల్చుకున్నాడు. మొదట హాయిగానే ఉంటుంది. ‘తప్పు నాది కాదు, నా మెదడుది’ అనుకోవడంలో ఎంత ఓదార్పు! దీన్ని చూసి నవ్వేవాళ్ళంటే నాకు గిట్టదు. ఆ కుర్రాడి బాధ నిజం, పేరు మాత్రం వేరేది కావచ్చు. జనమంటే విపరీతమైన భయం కావచ్చు. దానికి వైద్యం ఉంది, చాలామందికి నయమవుతుంది. డిప్రెషన్ కావచ్చు, దానికీ ఉంది. ఉత్త సిగ్గు కూడా కావచ్చు. ఇద్దరు ప్రాణస్నేహితుల దగ్గర గలగలా మాట్లాడి, వాళ్ళ మీద జోకులేసి, కొత్తవాళ్ళ ముందు మాత్రం నోరు పెగలనివాడికి లోపం చాలాసార్లు మాట తెలియకపోవడం కాదు, మాటంటే భయం. పుట్టుకతో వచ్చిందని నమ్మినవాడు ఆ భయానికి మందు వెతకడు. ముప్పయ్యో ఏటికి ఆ భయం అలాగే ఉంటుంది, ఉద్యోగమూ స్నేహాలూ జారిపోయి ఉంటాయి.

ఇటు ఇంకో నష్టం. కాగితం మీద గీత ఎంత పనిచేస్తుందో యానాం వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. బాలయోగి వంతెన దాటి ఎదుర్లంక చేరితే ఆంధ్ర, ఇటు పుదుచ్చేరి. గోదారి ఒకటే, పులస పులుసు ఒకటే, ‘ఆయ్’ అనే పలుకూ ఒకటే! 1954లో ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయినా గీత మిగిలింది. ఏ పింఛను, ఏ రేషను, ఏ కాలేజీలో సీటు అన్నది ఆ గీత చెబుతుంది. ఆటిజం అన్న మాటా అంతే. 2016 చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో అదొకటి. సికింద్రాబాదులోని జాతీయ సంస్థ తయారుచేసిన కొలమానం ఉంది. 40 అంశాలు, 70 మార్కులు రాకపోతే ఆటిజం లేనట్టు. ఆ సర్టిఫికెట్టు మీద పిల్లవాడి చదువూ సాయమూ ఆధారపడి ఉంటాయి. 2011 లెక్కల్లో యానాం జనాభా 55,626. నూటికొకరు చొప్పున వేసుకున్నా ఐదొందల పైచిలుకు మంది ఉండాలి. వాళ్ళలో మనకి తెలిసినవాళ్ళెందరు? మిక్సీ చప్పుడికి చెవులు మూసుకుని కేకలు పెట్టే బిడ్డతో తల్లి తిరునాళ్ళకి రాదు, సినిమాకి రాదు. సరదాగా ‘నేను కొంచెం ఆటిజం’ అనే మాట ఆమె చెవిన పడితే ఎలా ఉంటుందో!

అలాగని ‘అంతా ఫ్యాషన్’ అని కొట్టిపారేసేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. సుసాన్ బాయిల్ గుర్తుందా? 2009లో బ్రిటన్ టీవీ పోటీలో నోరు విప్పగానే జనం లేచి నిలబడ్డారు. పుట్టుకలో మెదడు దెబ్బతిందని చిన్నప్పట్నించీ ఆమెకి చెప్పారు. బడిలో ఏడిపించారు. 2012లో, యాభై దాటాక, నిపుణులు పరీక్షించి ఆస్పర్జర్ అని తేల్చారు. అప్పుడు మనసు తేలికపడిందని ఆమే చెప్పింది. ముఖ్యంగా ఆడపిల్లల్లో ఇలా ఎవరి కంటా పడకుండా మిగిలిపోయినవాళ్ళున్నారు. అణిగిమణిగి ఉండే పిల్లని మనం ‘బుద్ధిమంతురాలు’ అంటాం కదా, ఇక ఎవరు చూస్తారు?

మరి మీకు నిజంగానే అనుమానం ఉంటే? సాక్షులు ఇంట్లోనే ఉన్నారు. చిన్న ఊళ్ళో ఉన్న గొప్ప సదుపాయం అది. అమ్మనీ అమ్మమ్మనీ కూచోబెట్టి అడగండి. పేరు పెట్టి పిలిస్తే పలికేవాణ్ణా? మాటలెప్పుడొచ్చాయి? చందమామని వేలుపెట్టి చూపించేవాణ్ణా? బొమ్మలతో ఆడేవాణ్ణా, వరసగా పేర్చేవాణ్ణా? పక్కింటి పిల్లలతో ఎలా ఉండేవాణ్ణి? బడికెళ్ళే దారి మారిస్తే ఏం చేసేవాణ్ణి? వీలైతే ఒకటో తరగతి చెప్పిన పంతులమ్మగారినీ కలవండి. డాక్టరూ మొదట అడిగేది ఇవే. మాట్లాడటానికి మొహమాటమైతే ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ ఉంది, 14416కి డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. లేదూ, అమ్మ చెప్పినదంతా ఓ కాగితం మీద రాసుకుని కాకినాడ బస్సెక్కండి. పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కాగితం మర్చిపోకండేం, ఫోనులోని మార్కుల కన్నా దాన్నే ముందడుగుతారు!