నవల చదివాక నలుగురూ కూర్చుంటే...

పుదుచ్చేరి పట్టణంలోని ప్రభుత్వ గ్రంథాలయానికి ఒక నవలాకారుని పేరు ఉంది. 1827లో ఫ్రెంచివారి ఏలుబడిలో నెలకొన్న ఆ గ్రంథాలయానికి 1966లో రొమేన్ రోలా పేరు పెట్టారు. పది సంపుటాల 'జాన్ క్రిస్తోఫ్' నవలను రచించి, 1915 సంవత్సరపు నోబెల్ బహుమతిని పొందిన ఫ్రెంచి రచయిత ఆయన. గ్రంథాలయాలకు పాలకుల పేర్లో, విరాళమిచ్చిన దాతల పేర్లో పెట్టడం సర్వసాధారణం. కథ చెప్పినవాని పేరు పెట్టుకున్న ఊరు కనుక ఇక్కడ నవలలకు కొంత గౌరవం ఉండి తీరాలని, బదిలీపై ఈ ఊరు వచ్చిన కొత్తలో మేము అనుకున్నాం.

మేము అంటే తొమ్మిది కుటుంబాలవారం. మన సంస్థలోనూ, ఇతర ప్రభుత్వరంగ సంస్థల్లోనూ, బ్యాంకుల్లోనూ పనిచేస్తున్నవారం కొందరు, పదవీ విరమణ చేసి ఈ సముద్రపు గాలికి అలవాటుపడి ఇక్కడే ఉండిపోయినవారు మరికొందరు. నెలకొక ఆదివారం సాయంత్రం ఒకరి ఇంట్లో చేరి, అందరమూ చదివిన ఒక తెలుగు నవలను గురించి మాట్లాడుకుంటాం. సభ్యత్వం లేదు, రుసుము లేదు, చివరకు పేరు కూడా లేదు. కాఫీ, సుండలు మాత్రం తప్పనిసరి. తెలుగు పుస్తకం ఈ ఊళ్లో దొరకడం కష్టం గనుక విజయవాడ నుంచి పార్సిలులో తెప్పించుకున్న రెండు మూడు ప్రతులే ఇల్లిల్లూ తిరుగుతాయి. అట్ట లోపలి వైపు అతికించిన కాగితంపై ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాస్తాం. ఆఫీసు ఫైలు కదలికల రిజిస్టరు కంటె అది క్రమబద్ధంగా ఉంటుందని మాలో ఒకరి చమత్కారం.

ఇటువంటి ప్రయత్నాలు తెలుగువారికి కొత్తవి కావు. పరాయి గడ్డపై కూడా ఇవి నిలిచాయి. అమెరికాలో డిట్రాయిట్ పరిసరాలలోని తెలుగువారు 1998లో డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ స్థాపించి, నెలకొక పుస్తకం చొప్పున చదివి చర్చించుకునే పద్ధతిని అలవరచుకున్నారు. అంత దూరాన వారికి సాధ్యమైనది, రైలెక్కితే మరునాటికి విజయవాడ చేరగల మనకు సాధ్యం కాదా అన్నదే మా మొదటి ధైర్యం.

అయితే మొదటి మూడు నెలలూ మా సమావేశాలు చప్పగా సాగాయన్న నిజాన్ని దాచనవసరం లేదు. బుచ్చిబాబుగారి 'చివరకు మిగిలేది' తీసుకున్నాం. ఒకరు పీఠికలోని మాటలనే తమ మాటలుగా అప్పజెప్పారు. మరొకరు మనస్తత్వ శాస్త్రాన్ని గురించి అరగంట ఉపన్యసించారు. దయానిధి పాత్రలో అస్తిత్వవేదన ఉందని ఒకరంటే, లేదని వేరొకరన్నారు. వింటున్న గృహిణులు గోడ గడియారం వంక చూడసాగారు. ఆ నాటి ఆతిథ్యమిచ్చిన ఇల్లాలు కాఫీ గ్లాసులు అందిస్తూ, "అదంతా సరేనండీ. ఇంతకీ చదువుతుంటే మీకేమనిపించిందీ?" అని అడిగారు. ఉపన్యసించిన పెద్దమనిషి కాసేపు తడబడి, తల్లిని గురించి లోకులు అన్న మాటలు దయానిధిని జీవితాంతం వెన్నాడడం చదివినప్పుడు తాను పుస్తకం మూసి డాబా మీదికి వెళ్లి నిలబడ్డానని చెప్పారు. కారణం చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ నాటి చర్చలో మాకు గుర్తున్నది ఆ ఒక్క మాటే.

అప్పటి నుంచి ఒక నియమం ఏర్పడింది. మొదటి విడతలో ప్రతి ఒక్కరూ చదువుతుండగా తమకు కలిగిన అనుభూతిని మాత్రమే చెప్పాలి. ఎక్కడ ఆగారు, ఎవరి మీద కోపం వచ్చింది, ఏ పుట దాటవేశారు, ఇంతే. మధ్యలో ఎవరూ అడ్డుతగలరాదు. శిల్పం, సామాజిక నేపథ్యం, రచయిత దృక్పథం వంటివన్నీ కాఫీ తరువాతనే. మన ఆలంకారికులు కావ్యానికి సహృదయుడనే పాఠకుణ్ణి కోరుకున్నారు. ఆ సహృదయుడు తన హృదయం సంగతి చెప్పకుండా అలంకారాల సంగతి మాత్రమే చెబితే ఏం ప్రయోజనం?

ఈ నియమానికి అసలు పరీక్ష 'కాలాతీత వ్యక్తులు' చదివిన నెలలో ఎదురైంది. డాక్టర్ పి. శ్రీదేవి రచించిన ఈ నవల 1957-58 ప్రాంతంలో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వెలువడింది. వైద్యురాలైన ఆ రచయిత్రి 1961లో, చిన్న ప్రాయంలోనే కన్నుమూశారు. మిగిల్చి వెళ్లిన నవల ఇదొక్కటే. 1963లో వచ్చిన 'చదువుకున్న అమ్మాయిలు' చలనచిత్రానికి ఇదే ఆధారమని చాలామందికి తెలియదు. చిత్రం చూసి నవల తెలుసుననుకునేవారు ఒకసారి నవల కూడా చదవాలి, రెండింటికీ ఎంతో దూరం ఉంది.

ఇందులో ఇందిర అనే యువతి ఉంది. ఉద్యోగం చేసి తండ్రిని పోషిస్తుంది. త్యాగమూర్తిగా కన్నీరు కార్చదు, తనకు కావలసినదేదో తానే చూసుకుంటుంది. పెద్దల మాట జవదాటలేని ప్రకాశం అనే వైద్య విద్యార్థిని ఆశించి, అతని పిరికితనం తేటతెల్లమయ్యాక, కృష్ణమూర్తిని పెళ్లాడుతుంది. పక్కనే కల్యాణి ఉంది. నెమ్మదస్తురాలు, అభిమానవతి, కష్టాల నెదుర్కొని చదువుకున్న పిల్ల. చదివినవారిలో అత్యధికులు కల్యాణి పక్షం వహించడం సహజమే.

మా సమావేశంలోనూ అదే జరిగింది. జమాఖర్చుల విభాగంలో ముప్పయ్యేళ్లు పనిచేసి విరమించిన పెద్దాయన ఇందిరను నిష్కర్షగా స్వార్థపరురాలన్నారు. ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్లు అవునన్నట్లు తలలూపారు. అటువంటి పిల్ల కోడలుగా వస్తే ఇల్లు నిలవదని ఒకరన్నారు, అందరూ నవ్వారు. ఆ వరుసలో చివరగా కూర్చున్న మా సహోద్యోగినికి వంతు వచ్చింది. తండ్రి ఉద్యోగంలో ఉండగానే మరణిస్తే ఇరవయ్యొకటవ ఏట కారుణ్య నియామకంపై చేరిన అమ్మాయి. తల్లినీ ఇద్దరు తమ్ముళ్లనూ సాకుతూ పదమూడేళ్లు గడిచాయి. సాధారణంగా మితభాషిణి.

"నేను నవల గురించి చెప్పలేనండీ," అని మొదలుపెట్టింది. "ఇందాకటి నుంచి మీరంతా ఇందిరను విచారిస్తుంటే నన్ను నిలబెట్టి విచారిస్తున్నట్లుంది. పెళ్లెప్పుడమ్మా అని అందరూ అడుగుతారు. మరి ఇల్లెవరు చూస్తారమ్మా అని కూడా వాళ్లే అడుగుతారు. నాకు కల్యాణి మీద జాలి వేసింది గానీ, ఇందిరను చూస్తే అసూయ కలిగింది. నాకు కావాలి అని ఒక్కసారైనా అనగలిగింది కదా అని."

ఆ తరువాత ఎవరూ మాట్లాడలేదు. వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చేదాకా ఎవరూ లేవలేదు కూడా. తొమ్మిదేళ్లుగా పక్క బల్ల దగ్గర కూర్చుని పనిచేస్తున్న నాకు ఆమె సెలవు దరఖాస్తులు తెలుసు, పండుగ అడ్వాన్సు వాయిదాలు తెలుసు. ఈ సంగతి తెలియదు. మరొక విధంగా తెలిసే అవకాశమూ లేదనుకుంటాను. తనను గురించి నేరుగా మాట్లాడమంటే ఆమె ఎన్నడూ మాట్లాడి ఉండేది కాదు. ఇందిర అనే కల్పిత వ్యక్తి అడ్డుగా నిలబడింది కనుక, ఆ చాటున నిలిచి మాట్లాడగలిగింది.

మరుసటి నెల వేరే పుస్తకం అనుకున్నాం. పెద్దాయన మాత్రం ఆ నవల ప్రతిని తిరిగి ఇవ్వలేదు, మళ్లీ చదివారట. "మొదటిసారి ఆ పిల్ల ఖర్చు పద్దులే చూశాను. రెండోసారి జమ వైపు కూడా చూశాను. ఆ ఇంటికి ప్రతి నెలా జీతం తెచ్చింది ఎవరో లెక్క వేయడం మరిచాను," అన్నారు. అంతలోనే, "అయినా ఇందిర నాకు నచ్చలేదమ్మా. నచ్చిందని నీ కోసం అబద్ధం చెప్పను," అని కూడా అన్నారు. ఆ అమ్మాయి నవ్వింది. ఒప్పుకోకపోయినా ఆ పెద్దాయన ఆమె మాట విన్నారు, అది చాలు. వెంటనే అభిప్రాయం మార్చుకుని ఉంటే ఆ మాటకు నేనింత విలువ ఇచ్చేవాణ్ణి కాదేమో.

ఈ పద్ధతిలో ప్రమాదం లేకపోలేదు. ఒకసారి రావిశాస్త్రిగారి 'అల్పజీవి' తీసుకున్నప్పుడు, సుబ్బయ్యను చూస్తే తన మొదటి పోస్టింగు గుర్తొచ్చిందని ప్రారంభించిన మిత్రుడొకరు తన అయిదు బదిలీలూ, రెండు చార్జిషీట్లూ, ఒక ఇంక్రిమెంటు కోతా వర్ణించేసరికి సాయంత్రం కాస్తా రాత్రి అయింది. సుబ్బయ్య ఊసే లేదు! స్వానుభవం నవలలోకి దారి చూపాలి గాని నవలను బయటికి గెంటకూడదు. ఆ నాటి నుంచి, 'ఏ పుట దగ్గర?' అని అడిగే హక్కు అందరికీ ఉంది. పుట చెప్పలేనివారు కాఫీ తాగి కూర్చోవాలి.

నలుగురూ నవల చదివి మాట్లాడుకోవడం వట్టి కాలక్షేపమని తీసిపారేసేవారు 'మాలపల్లి' చరిత్ర గుర్తు చేసుకోవాలి. ఉన్నవ లక్ష్మీనారాయణగారి ఆ నవల 1922లో వెలువడితే నాటి మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. చివరకు 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని దానికి పూర్తి విముక్తి కలగలేదు. ఒక్కడు ఒంటరిగా చదువుకుంటే ఏ ప్రభుత్వమూ అంతగా కలవరపడదు. చదివినవాడు పక్కవాడితో ఏమంటాడోననే దాని భయం.

ఇక పిల్లల సంగతి. మా ఇళ్లలోని పిల్లలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. బడిలో తమిళమో, ఫ్రెంచో, హిందీయో నేర్చుకుంటారు. యానాం కూడా ఈ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే, అక్కడి ప్రజల భాష తెలుగే. అయినా గోదావరి ఒడ్డున ఉన్న యానాం వల్ల ఇక్కడి మా పిల్లలకు అక్షరాలు రావు కదా! పెద్దలు నవల గురించి మాట్లాడుకుంటుంటే పక్క గదిలో టెలివిజను ముందు కూర్చోవడం వారి వంతు. తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రవాడు మాత్రం గుమ్మంలో నిలబడి వినేవాడు. లోపలికి రమ్మంటే, "నాకు తెలుగు చదవడం రాదు కదండీ," అని సిగ్గుపడేవాడు.

ఆ కుర్రవాణ్ణి లోపలికి తెచ్చినది కి. రాజనారాయణన్. 'కి.రా.' గా తమిళ లోకానికి సుపరిచితుడైన ఆయన కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ గ్రామస్థుడు. ఇంటి భాష తెలుగు, రచన తమిళం. వాన నుంచి తలదాచుకోవడానికే బడిలోకి వెళ్లాననీ, అప్పుడు కూడా వాననే చూస్తూ ఉన్నాననీ తన చదువు గురించి చమత్కరించేవారు. అటువంటి ఆయనను పాండిచ్చేరి విశ్వవిద్యాలయం పిలిచి జానపద సాహిత్యంలో ఆచార్యునిగా నియమించింది. అప్పటి నుంచి ఈ ఊరివారై, 2021 మే 17న ఇక్కడే పరమపదించారు. 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. దానికి ముందరి నవల 'గోపల్ల గ్రామం'. తెలుగు దేశం విడిచి దక్షిణాదికి వలస వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న తెలుగువారి కథ అది.

మేము దానిని తమిళంలోనే తీసుకున్నాం. తమిళం మాట్లాడడం వచ్చినా చదవడం మాలో చాలామందికి రాదు. ఆ కుర్రవాడికి వచ్చు! నాలుగు ఆదివారాలు వాడు మధ్యలో కూర్చుని, ఒక్కొక్క పేరా తమిళంలో చదివి తెలుగులో చెప్పాడు. చెబుతూ చెబుతూ మాట దొరకక ఆగితే పెద్దవాళ్లు అందించారు. తమిళ కథలో ఉన్నట్లుండి పలకరించిన తెలుగు మాటలకు వాడి నాయనమ్మ ఉలిక్కిపడి, "ఇది మన మాటే కదురా, మళ్లీ చదువు," అన్నారు. చెన్నాదేవి అనే అందాలరాశిని కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి ఊరు వదిలిన బంధుజనం నదీతీరాన చిక్కుకుపోతే, ఆవలి గట్టు చెట్టు వంగి వంతెనగా నిలిచిన ఘట్టం వచ్చింది. నూరేళ్లు దాటిన ముదివగ్గు మంగతాయారు మనుమలకు చెప్పే కథ అది. ఇది జరిగి ఉంటుందా అని ఇంజనీరు ఒకాయన సందేహం. జరిగి ఉండకపోతే అంతమంది ఇన్ని తరాలు ఎందుకు చెప్పుకుంటారని నాయనమ్మ.

కుర్రవాడు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "మరి మనమెందుకు వచ్చాం నాయనమ్మా ఇక్కడికి?" అని అడిగాడు.

"మీ నాన్నకు ట్రాన్స్‌ఫర్ ఆర్డరు వచ్చింది," అన్నారావిడ.

ఇల్లంతా నవ్వులు. అయినా నవ్వు ముగిశాక ఆవిడ, రాజమండ్రిలో తాళం వేసి వచ్చిన ఇంటి గురించీ, పెరటి బావి గురించీ, ఆ తాళంచెవి ఇప్పటికీ తన పెట్టెలో ఉండడం గురించీ చెప్పసాగారు. ఏ పుట దగ్గర అని ఆ రోజు ఎవరూ అడగలేదు.

వచ్చే నెలకు గోపీచంద్‌గారి 'అసమర్థుని జీవయాత్ర' అనుకున్నాం. పెద్దాయన చదవడం పూర్తయింది, పెన్సిలు గీతలతో సహా ప్రతి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నా తరువాత పేరు ఆ కుర్రవాడిది. చదివి వినిపించేవారు కావాలని అట్ట లోపలి కాగితంపై వాడే తమిళ లిపిలో రాసి పెట్టాడు. ఈ పట్టణంలో ఉన్న మన సంస్థ కుటుంబాలవారు ఎవరైనా ఆ పని స్వీకరించదలిస్తే, ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు రావచ్చు.