సముద్రపు స్పంజి నుండి వచ్చిన మందు

మా బంధువులలో నొక యువతికి ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా యను రక్తపు కాన్సరు సోకినపుడు, ఆమె తల్లి మమ్ము రెండు ప్రశ్నలడిగెను. ఒక్క మందును ఏడు దినములు రేయింబవళ్లు బొట్టుబొట్టుగా సిరలోని కెక్కించుటేల? వ్యాధి రక్తములో నుండగా తలవెండ్రుకలు రాలుటేల? సోదరీమణులలో ననేకుల కీ సందేహములు కలుగవచ్చునని తలచి, ఆమెకు జెప్పినదే యిచట వ్రాయుచున్నాము.

ఆ మందు పేరు సైటరబిన్. 1950 ప్రాంతమున వెర్నర్ బెర్గ్‌మన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఫ్లారిడా తీరమున దొరకిన యొక స్పంజిని శోధింపగా, అందు డీఎన్ఏ భాగములను బోలియు, చక్కెర మాత్రము వేఱుగా నున్న పదార్థములు కనబడెను. వాని పోలికను 1959లో అమెరికాలో సైటరబిన్ తయారైనది. 1969లో అచటి ప్రభుత్వము దానిని మందుగా నంగీకరించెను. ఒళ్లు తోముకొను స్పంజికి జ్ఞాతియైన యొక ప్రాణి యింత పని చేయునని యెవ రనుకొందురు!

జీవకణము రెండుగా చీలుటకు ముందు తన డీఎన్ఏకు నకలు సిద్ధము చేసికొనవలెను. డీఎన్ఏ నాలుగు విధముల పూలతో గట్టిన మిక్కిలి పొడవైన దండ వంటిది. సైటరబిన్ ఆ నాలుగింటిలో నొకదానివలె కనబడును. కాని దాని చక్కెరలో నొక చిన్న కొమ్మ తిరుగవలసిన వైపునకుగాక మఱియొక వైపునకు దిరిగియుండును. కణము మోసపోయి దానిని లోనికి గొనిపోయి, మూడు ఫాస్ఫేటులు తగిలించి, దండలో జేర్చును. తొడిమ వంకరయైన పువ్వు ప్రక్కన మఱియొక పువ్వును ముడివేయుట యెంత కష్టమో మాలలు గట్టు మీకు వేఱుగ జెప్పనేల? దండ గట్టు ఎన్‌జైము అచ్చటనే తడబడును. నకలు పూర్తిగాక కణము నశించును.

నకలు వ్రాయుచున్న కణమును మాత్రమే యీ మందు పట్టుకొనగలదు. కాన్సరు కణము లన్నియు నొక్క గడియలో నా పనికి బూనుకొనవు. పైగా కాలేయము మొదలగుచోట్ల నున్న యొక ఎన్‌జైము మందును త్వరలోనే నిర్వీర్యము చేయును. ఎడతెగని బొట్టు అందుకే.

వెండ్రుకల కుదుళ్లు, నోటిలోని పొర, ఎముకల మూలుగ — వీనిలోని కణములును వడివడిగా చీలునవే. మందునకు స్వపరభేదము తెలియదు. వెండ్రుకలు మరల మొలచును. వానికై దుఃఖింప బనిలేదు. భయపడవలసినది మూలుగ విషయమున. తెల్లకణములు తగ్గిన దినములలో జ్వరము వచ్చినచో, అర్ధరాత్రమైనను తెల్లవారనిచ్చి చూతమనక, తక్షణమే వైద్యునకు దెలుపవలెను.

ఆ తల్లి యిది విని, నాటి సాయంకాలమే థర్మామీటరు దెచ్చి కూతురి తలగడ క్రింద నుంచుకొనెను.